మలేషియాకు వెళ్లిన నోటీసు

పెద్ద నోట్లు రద్దయిన ఏడాదికి ముందు వేసవిలో నన్ను గుంటూరు శాఖలో విదేశీ వ్యాపార విభాగానికి సీనియర్ మేనేజరుగా వేశారు. చిలకలూరిపేట పక్కన మా తాతగారికి ఒకప్పుడు పత్తి జిన్నింగ్ మిల్లు ఉండేది. పాత వ్యాపారులకు మా ఇంటిపేరు తెలుసు, అప్పుల్లో మిల్లు పోయిన సంగతీ తెలుసు. అందుకే ఎవరింటికీ భోజనానికి వెళ్లేవాణ్ణి కాదు. కొరిటెపాడులో గది తీసుకుని, మెస్సులో ఒక్కణ్ణే తినేవాణ్ణి.

పని లేకపోయినా వచ్చి కాసేపు మాట్లాడే మనిషి ఒక్కరే, మిర్చి ఎగుమతిదారు మస్తాన్‌వలి గారు. మలేషియాకు పంపిన సరుకు డబ్బు ఆయనకు మూడు నెలలకు గాని రాదు. రైతులు అన్నాళ్లు ఆగరు. అందుకని ఆ సరుకు బిల్లు వసూలు చేసుకునే హక్కును మా బ్యాంకుకు బదలాయించి, ముందుగా సొమ్ము తీసుకోవాలనుకున్నారు. ఇలా హక్కు చేతులు మారినప్పుడు కొనుగోలుదారుకు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. అది అందకముందు అతను సరుకు అమ్మిన వ్యాపారికే చెల్లిస్తే అతని బాధ్యత తీరిపోతుంది. బ్యాంకు మళ్లీ అడగలేదు. ఈ విషయంలో మలేషియా చట్టమూ మన చట్టమూ ఇంచుమించు ఒకటే.

నోటీసు మాట వినగానే ఆయన లేచి నిలబడ్డారు.

“ఏంది సార్ ఇది? నేను ఐపీ పెట్టానని ఊరంతా చాటింపు వేయిస్తారా?”

దివాలా దరఖాస్తును మిర్చి యార్డులో ఐపీ అంటారు.

“ఊరికి కాదండి, కొనుగోలుదారుకే,” అన్నాను.

“మీ మిల్లు గేటుకి బ్యాంకు బోర్డు కట్టిన నాడు మీ తాతగారికీ ఇట్టాగే చెప్పుంటారు.”

సంతకం చేయవలసిన చోటు చూపించాను. బయట రైతులు ఎదురుచూస్తున్నారు. ఆయన సంతకం చేశారు.

మలేషియా కొనుగోలుదారు జాగ్రత్తపరుడు. ఖాతా మార్చమంటూ దొంగ ఉత్తరాలు వచ్చే కాలం కనుక, నోటీసు నిజమైనదేనా అని యార్డులో తనకు తెలిసిన బ్రోకరుకు ఫోన్ చేశాడు. మధ్యాహ్నానికల్లా అందరికీ తెలిసింది. అప్పటిదాకా మస్తాన్‌వలి గారి మాట మీద సరుకు వదిలివెళ్లిన రైతులు, రొక్కం చేతిలో పెడితేనే బస్తా దించుతామన్నారు. “ఏరా వలీ, బిల్లులు బ్యాంకోళ్లవంటగా, మరి మిరపకాయలెవరియ్యిరా?” అని తోటి వ్యాపారి నలుగురిలో అడిగాడట.

గడువుకు సొమ్ము పూర్తిగా మా బ్యాంకుకే వచ్చింది. మస్తాన్‌వలి గారు ఖాతా మూసేయమని మనిషి చేత కాగితం పంపారు. ఎగుమతి మానుకుని, ఇతరులకు కమీషన్ మీద సరుకు కొనిపెట్టసాగారు. బ్యాంకుకు మళ్లీ రాలేదు. నేనూ వెళ్లి పలకరించలేదు. మా ఇంట్లో అలా వెళ్లే అలవాటు ఎవరికీ లేదు.

నోటీసు తప్పనిసరి. ఇప్పుడు అడిగినా అదే చెబుతాను. అయితే ఆ తర్వాత నేను పంపిన ప్రతి నోటీసులోనూ ఒక వాక్యం చేర్చాను: ధ్రువీకరణ కావాలంటే మీ బ్యాంకు ద్వారా మా బ్యాంకునే అడగండి, స్థానికంగా ఎవరినీ విచారించవద్దు. మా మాన్యువల్‌లో ఆ వాక్యం లేదు.