పెళ్ళిదండలో గులాబీల యుద్ధం

విశాఖ నుంచి విజయవాడ వెళ్ళినప్పుడు, హోటల్లో పరిచయమైన ఇంగ్లీషు దంపతులకు మాటసాయంగా పూలకొట్టుకు వెళ్ళాను. మర్నాడు గన్నవరం చర్చిలో వాళ్ళబ్బాయికి తెలుగమ్మాయితో పెళ్ళి. దండకు తెల్ల గులాబీలే కావాలని యార్క్‌లో పుట్టిన తండ్రి, ఎర్రవే కావాలని లాంకాస్టర్‌లో పుట్టిన తల్లి పట్టుబట్టారు. ఎప్పుడో ఆ ఊళ్ళ పేర్లున్న రెండు రాజవంశాలు ఈ గులాబీల గుర్తులతోనే ఇంగ్లండు సింహాసనం కోసం కొట్టుకున్నాయట. చివరికి అబ్బాయికి తెల్లదండ, అమ్మాయికి ఎర్రదండ అన్నారు.

"పెళ్ళిదండలు జతగా ఉండాలండీ. చెరో రంగు ఏంటండీ? రెండూ కలిపి కట్టేస్తా," అంది పూలామె.

నేనది ఇంగ్లీషులో చెప్పగానే పెద్దాయన నవ్వాడు. "మా యుద్ధమూ అలాగే ముగిసింది. లాంకాస్టర్ వైపు నుంచి గెలిచిన రాజు యార్క్ పిల్లను పెళ్ళాడి రెండు గులాబీలూ కలిపేశాడు."

దండలు చేతికొచ్చాక మాత్రం, "ఎర్రవే ఎక్కువ పడ్డాయి," అని గొణిగాడు.

"అప్పుడూ అంతేగా," అంది భార్య.