సుమలత దారం కట్టిన మిషను

దంతాలపల్లి సెంటర్ నుంచి నాలుగడుగులు వేస్తే 'భిక్షపతి మోటార్ వైండింగ్' అన్న బోర్డు కనిపిస్తుంది. పేరు భిక్షపతిది. లోపల కూర్చుని తీగ చుట్టేది మాత్రం ఆయన భార్య సుమలత. ఆయన పొలాలకు పోయి కాలిపోయిన బోరు మోటార్లు పైకి తీయించి తెస్తాడు, బాగైనవి మళ్లీ దింపించి వస్తాడు. మధ్యలో జరిగేదంతా ఈమె చేతుల్లోనే జరుగుతుంది. పాత తీగ పీకడం, కొత్త తీగ లెక్క తప్పకుండా చుట్టడం, కొసలను తెల్ల కాటన్ దారంతో జడ అల్లినంత పొందికగా కట్టడం. పన్నెండేళ్లుగా ఇదే పని. రైతులు వచ్చి మోటారు మంచిగ నడుస్తుందని భిక్షపతి భుజం తట్టి పోతారు. కడుపు మండదా మరి?

అయినా ఇన్నేళ్లూ ఆ మంటను దిగమింగుకుంటూనే వచ్చింది. తోటికోడలు షారోన్ వచ్చాకే అది గొంతులో అడ్డం పడింది.

షారోన్ ఆమె మరిది జీవన్ భార్య, పాలిటెక్నిక్ చదివిన పిల్ల. జీవన్ చెల్పూర్ కరెంటు ప్లాంటులో కాంట్రాక్టు పని చేస్తూ ఆదివారాలు మాత్రమే ఇంటికి వస్తాడు. మొగుడు దగ్గర లేడని ఈ పిల్ల ఊరికే కూర్చుందా? వీడియోలు చూసి, పార్సిళ్లు తెప్పించి, ఇంటి వెనక రేకుల షెడ్డులో ఎనిమిది నెలలు తంటాలు పడి ఒక సీఎన్‌సీ మిషను నిలబెట్టింది. కంప్యూటర్‌లో బొమ్మ గీస్తే చాలు, మిషను తనంతట తానే అటూ ఇటూ కదిలి చెక్క మీద దాన్ని చెక్కేస్తుంది. ఊరు ఊరంతా వచ్చి చూసింది. అత్త సత్తమ్మ అయితే వచ్చినవాళ్లందరినీ చెయ్యి పట్టుకుని షెడ్డుకు తీసుకుపోయేది.

"మా చిన్నకోడలు చేసింది. గింత తెలివి మా ఖాందాన్‌ల ఎవ్వలికి లేదు" అనేది.

దుకాణం నడిచే ముందుగదిలో మోటారు ముందేసుకుని కూర్చున్న పెద్దకోడలి చెవిన ఆ మాట పడకుండా పోతుందా? పడాలనే అన్నట్టు గట్టిగా అనేది ఆ ముసలమ్మ! సుమలత కళ్లల్లో నిప్పులు పోసుకునేది.

పోయిన నెల మరీ అన్యాయం జరిగింది. మానుకోట నుంచి ఎవరో వీడియో తీసేవాళ్లు వస్తున్నారని తెలిసి సుమలత షెడ్డులోకి తొంగి చూసింది. మిషను వెనక వైర్లు చింపిరి జుట్టులా వేలాడుతున్నాయి.

"ఏందే షారోన్ గిది? వైర్లు గిట్లనే ఇడిసిపెడ్తరా? చూసేటోళ్లు నవ్వరా?" అంటూ తన దారం ఉండ తెచ్చింది. సన్నవీ లావువీ అన్నీ కలిపి ఒక్క కట్టగా బిగించి, బెత్తెడుకొక ముడి వేసింది. బోరు మోటార్ల స్టార్టరు పెట్టెల్లో ఆమె ఎప్పుడూ కట్టే తీరు అదే.

వీడియోవాళ్లు వచ్చి, "వైరింగ్ ఎంత నీట్‌గా ఉంది మేడమ్" అని షారోన్‌ను మెచ్చుకున్నారు. షారోన్ "మా అక్క కట్టింది" అనే అంది. వీడియోలో ఆ ముక్క కోసేశారు. సుమలత ఆ వీడియోను పద్నాలుగుసార్లు చూసింది. పద్నాలుగుసార్లూ ఆ ముక్క లేదు.

ఆ తర్వాత వారమే షారోన్‌కు పెద్ద పని వచ్చింది. కొత్త చర్చి ప్రతిష్ఠ ఆదివారం. పాస్టరు నిలబడి వాక్యం చెప్పే పల్పిట్టుకు ముందు బిగించే టేకు పలక మీద ద్రాక్షతీగలు, నడుమ శిలువ చెక్కాలి. సోమవారం మొదలుపెట్టింది. పావుగంట నడిచి మిషను టక్కున ఆగిపోయింది. తెర మీద ఎర్రగా 'లిమిట్' అని పడింది.

మిషను బల్ల కొసల్లో లిమిట్ స్విచ్చులని చిన్న మీటలు ఉంటాయి. మిషను హద్దు దాటబోతే వాటికి తగిలి ఆగిపోవాలి. ఇక్కడ అది హద్దు దరిదాపుల్లోనే లేదు, పలక నడిమధ్యలో ఉంది. షారోన్ మళ్లీ నడిపింది. మళ్లీ ఆగింది. స్విచ్చులు కొత్తవి వేసింది. అయినా అంతే. ఆగిన ప్రతిచోటా చెక్కకు ఒక గాటు పడింది. గురువారానికి ఒక పలక పాడైంది, ఇక మిగిలింది ఒక్కటే.

సుమలతకు లోపల పండగే. అబద్ధమెందుకు? ఆ రోజు బువ్వ రెండు ముద్దలు ఎక్కువే తిన్నది.

శుక్రవారం పొద్దున షారోన్ వచ్చి గడపలో నిలబడింది. ఏడ్చి ఏడ్చి కళ్లు ఉబ్బాయి.

"అక్కా, జర వచ్చి చూస్తవా? నాకు సమజైతలేదు. ఈ పలక సుత ఖరాబైతే పాస్టరు అయ్యగారికి మొఖం ఎట్ల చూపియ్యాలె?"

"నాకేం తెలుస్తది తల్లీ, సదువుకున్నదానివి నువ్వు" అని దెప్పింది గానీ, సుమలత చెయ్యి అప్పటికే మీటరు అందుకుంది. ఆ ఇంట్లో ఆమెను ఎవరైనా అలా అడగడం అదే మొదలు.

ముందు ఒక్కో స్విచ్చు నొక్కించి మీటరు పెట్టి చూసింది. అన్నీ మంచివే. తర్వాత చెక్కే మోటారును ఆపించి మిషనును ఉత్తగా తిప్పమంది. ఈ కొస నుంచి ఆ కొసకు హాయిగా పోయి వచ్చింది.

"ఇప్పుడు మోటార్ ఎయ్యి."

వేసిన రెండు నిమిషాలకే ఆగిపోయింది. అయితే రోగం స్విచ్చుల్లో లేదు, మోటారు తిరిగినప్పుడే వస్తోంది. సుమలత మోటారు తీగను వేళ్లతో పట్టుకుని వెనక్కి నడిచింది. నడిచి నడిచి తన తెల్లదారం కట్ట దగ్గర ఆగింది.

బోర్ల దగ్గర ఎన్నిసార్లు చూడలేదు! కరెంటు పారే తీగ పక్కన ఊరికే పడి ఉన్న తీగకు టెస్టరు పెట్టినా మిణుకుమంటుంది. ఇక్కడా అదే. మోటారు లావు తీగకు స్విచ్చుల సన్నతీగలను ఊపిరాడకుండా కట్టింది తనే. మోటారు తిరిగినప్పుడల్లా పక్క తీగల్లోకి కరెంటు దూకి, ఎవరూ నొక్కని స్విచ్చును నొక్కినట్టు మిషనుకు చెబుతోంది. స్టార్టరు పెట్టెల్లో చెల్లిన కట్టు ఈ నాజూకు మిషనుకు పడలేదు.

"ఏందక్కా?" అంది షారోన్.

"ఏం లేదు. కత్తెర తే."

ముడులన్నీ కోసేసింది. సన్నతీగలను బల్లకు అవతలి పక్క నుంచి తిప్పింది. నొక్కితే కలిసే స్విచ్చులను నొక్కితే విడిపోయేలా మార్చింది, స్టార్టరులో మోటారును ఆపే ఎర్ర బటన్ లాగా. "గిట్లయితె తీగ తెగినా మిషన్ ఆగుతది, మనకు ఎరుకైతది" అంది. షారోన్ కంప్యూటర్‌లో దానికి తగ్గ మార్పు చేసింది. పలక బిగించారు. మిషను మూడు గంటలు ఎక్కడా ఆగకుండా నడిచింది.

సాయంత్రం పాస్టరు వచ్చారు. భిక్షపతి, సత్తమ్మ ఆయన వెంటే షెడ్డులోకి వచ్చారు. ద్రాక్షతీగల మీద చెయ్యి పెట్టి పాస్టరు "స్తోత్రం" అన్నారు. సత్తమ్మ ఊరుకుంటుందా?

"చూసిన్రా అయ్యగారూ! గా సదువు ఏం పనికొచ్చింది? నాలుగు దినాలు ఏడిసింది. మా సుమలత ఒక్క పూటల చేసింది. నా పెద్దకోడలు చేతులల్ల దేవుడున్నడు."

పన్నెండేళ్లుగా ఎదురుచూసిన మాట. అత్త నోటి నుంచి, మొగుడు వింటుండగా వచ్చింది. సుమలతకు కాళ్లు నేల మీద నిలవలేదు.

"ఇంతకూ తప్పు ఎక్కడ జరిగిందమ్మా?" అని పాస్టరు అడిగారు.

సుమలత కోసేసిన దారం ముక్కల వైపు చూసింది. చెబితే అత్త అన్న మాట ఇప్పుడే చేజారుతుంది. చెప్పకపోతే ఎవరికీ తెలియదు.

షారోన్ ముందుకు వచ్చింది. "నాదే అయ్యగారూ. వైర్లన్ని ఒక్కతాన కలిపి కట్టిన. అక్క చూసి ఇడదీసింది."

తెలుసన్నమాట! ముడులు కోస్తుంటే పక్కనే నిలబడి అంతా తెలుసుకుంది. తెలిసీ తన మీద వేసుకుంది. సుమలతకు ఒళ్లంతా భగ్గుమంది. చదువు దీనిదే, మిషను దీనిదే, వీడియో దీనిదే. ఇప్పుడు పెద్దమనసు కూడా దీనిదేనా? ఈ మెప్పు కూడా ఇది జాలిపడి పెడితే తినాలా?

"ఆగవే నువ్వు!" అని అరిచింది. అందరూ ఉలిక్కిపడ్డారు. "కట్టింది నేను. తప్పు నాది. పని చేస్తెనేమో నా పేరు రాదాయె, తప్పు చేస్తెనన్న నా పేరు ఉండనియ్యవా?"

షారోన్ ఆమె ముఖంలోకి చూస్తూ నిలబడిపోయింది. భిక్షపతి తల దించుకున్నాడు.