అద్దం పక్కన నిలబడేవాళ్లు

ప్లాస్టిక్ ఫ్రేము కాడను వంచాలంటే దాన్ని కాసేపు వేడి ఇసుకలో పెట్టాలి. అప్పుడు ఒక వాసన వస్తుంది, కొత్త దువ్వెనను మండుటెండలో మరిచిపోతే వచ్చేలాంటిది. జంగారెడ్డిగూడెంలోని నా కళ్లజోళ్ల షాపులో ఆ వాసన రోజూ ఉండేదే, ఎవరికీ పట్టదు. నాకు మాత్రం అది ముక్కుకి తగిలిందంటే రాజమండ్రిలో మాణిక్యాంబ గారి కొట్టు, ఆవిడ గొంతు, ఆ గొంతుతో నేను తిన్న చీవాట్లు అన్నీ ఒక్కసారే గుర్తొస్తాయి. మీరెవరూ ఆవిణ్ణి చూసి ఉండరు. చూసి ఉంటే ఈపాటికి మీకూ నాలుగు చీవాట్లు పడి ఉండేవి, ఆ నోరు అలాంటిది మరి!

కళ్ల పరీక్షలో డిప్లొమా పూర్తిచేసి, తణుకు నుంచి వెళ్లి ఆవిడ దగ్గర ఉద్యోగంలో చేరాను. భర్త పోయాక ఆ కొట్టును ఆవిడే నడిపేవారు. మొదటిరోజు 'మేడం' అని పిలిస్తే, "నేనేమన్నా బడి పెట్టానా తల్లీ? పిన్నిగారూ అను, చాలు" అన్నారు. కంటికి పవరు సరిపోయి, ముక్కు మీద బరువు లేకుండా ఉండి, ధర అందుబాటులో ఉంటే మనిషి కళ్లజోడు కొంటాడని నేను అప్పటికి గట్టిగా నమ్ముతున్నాను. వచ్చినవాళ్లు ఫ్రేము పెట్టుకుని అద్దంలో చూసుకుంటుంటే నేనూ వాళ్ల వెనకాల నిలబడి అద్దంలోకే చూసేదాన్ని. ఒకరోజు పిన్నిగారు నా మోచెయ్యి పట్టుకుని పక్కకు లాగారు. "అద్దంలో నీకేం కనపడుతుందే? ఆయన పక్కన నిలబడ్డ కూతురు మొహం చూడు" అన్నారు. చూశాను. ఆ పెద్దాయన అద్దంలోకి ఒక్క క్షణం చూసుకుని వెంటనే కూతురి వైపు తిరిగాడు. ఆ పిల్ల మూతి కాస్త వంకరపోయింది. అంతే, నేను గంటసేపు వర్ణించి చెప్పిన ఫ్రేము మళ్లీ నా చేతికే వచ్చింది. ఆ తర్వాత ఎవర్ని గమనించినా అదే తంతు, అద్దాన్ని అడిగేది పేరుకే.

ఇంకోసారి ఒకాయన వచ్చాడు. పరీక్ష చేస్తే కళ్లు నిక్షేపంగా ఉన్నాయి. మీకు కళ్లజోడు అక్కర్లేదండీ, అదృష్టవంతులు అని నేను సంబరంగా చెబితే ఆయన మొహం మాడిపోయింది. పిన్నిగారు వచ్చి, మంచినీళ్లిచ్చి, ఆ మాటా ఈ మాటా మాట్లాడితే తేలిందేమిటంటే, వాళ్ల చర్చిలో ఆయన్ని కొత్తగా సంఘ పెద్దగా ఎన్నుకున్నారు. ఆదివారం అందరి ముందూ నిలబడి వాక్యం చదవాలి. "అంతకుముందు చదివిన పెద్దలందరికీ కళ్లజోడు ఉండేదండి. నేను మొన్నటిదాకా ధాన్యం బస్తాలు మోసినోణ్ణి. నా మొహానికి ఎవరు వింటారండి?" అన్నాడు. పిన్నిగారు నవ్వలేదు. అన్నిటికన్నా చవకైన ఫ్రేము తీసి, పవరు లేని అద్దాలు వేయించి ఇచ్చారు. ఆయన వెళ్లాక నేను ఊరుకోలేక, "ఇది అబద్ధం కదండీ పిన్నిగారూ?" అన్నాను. "పెళ్లికి వెళ్తూ పట్టుచీర కట్టుకుంటావు కదా, అది అబద్ధమా? అవసరం కళ్లకే ఉంటుందనుకున్నావేంటే!" అన్నారు.

ఇక రమణమ్మ సంగతి. మా వీధి చివర జాకెట్లు కుట్టేది. ఇంటికి ఆధారం ఆ కుట్టుమిషనే. చత్వారం వచ్చింది, సూదిలో దారం ఎక్కించడానికి పక్కింటి పిల్లల్ని పిలవాల్సి వస్తోంది. మా దగ్గరికి వచ్చి పరీక్ష చేయించుకుంది, ఫ్రేము నచ్చింది, "రేపొస్తానండి" అని వెళ్లిపోయింది. రాలేదు. మళ్లీ వచ్చింది, మళ్లీ అదే పాట. ఖరీదుకు జంకుతోందేమోనని నేను ధర తగ్గించాను. అప్పుడూ కొనలేదు. చిరాకేసి, "ఈవిడ కొనే మనిషి కాదండీ" అన్నాను. "కొనాలని లేకపోతే ఇన్నిసార్లు ఎందుకొస్తుందే పిచ్చిమొహమా? ఏదో అడ్డుపడుతోంది" అన్నారు పిన్నిగారు. ఈసారి రమణమ్మ రాగానే లోపలికి తీసుకెళ్లి కూర్చోబెట్టి అడిగారు. పాపం, ఆ మనిషి కళ్లనీళ్లు పెట్టేసుకుంది. "పక్కవీధిలో కుట్టే ఆవిడ కళ్లజోడు పెట్టిందండి. కళ్లు పోయాయంట అని, ఇచ్చినవాళ్లంతా పట్టు జాకెట్లన్నీ వెనక్కి పట్టుకుపోయారండి. ఇప్పుడు పెళ్లిళ్ల రోజులు. నాకూ అలాగే అయితే నా పిల్లలకి ఏం పెట్టనండి?" అంది.

పెట్టుకోకపోతే కుట్టు చెడుతుంది, పెట్టుకుంటే బేరాలు పోతాయి. దీనికి నా డిప్లొమాలో మందు లేదు.

మర్నాడు పిన్నిగారు ఆ కళ్లజోడును, ఒక పొట్లాన్ని పట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని రమణమ్మ ఇంటికి బయల్దేరారు. ఆడవాళ్లు అరుగు నిండా కూర్చుని ఉన్న వేళ చూసి మరీ వెళ్లారు. పొట్లంలో ఉన్నది ఆవిడ కోడలి సీమంతానికి తెచ్చిన పట్టుచీర తాలూకు జాకెట్టు గుడ్డ. అందరూ వినేట్టు, "ఇదిగో రమణమ్మా, కళ్లజోడు పెట్టుకునే కుట్టు. చూసీ చూడని కళ్లతో ఉజ్జాయింపుగా కుట్టేవాళ్లకి ఇంత ఖరీదైన గుడ్డ నేనివ్వను" అన్నారు. రమణమ్మ కళ్లజోడు పెట్టుకుని సూదిలో దారం ఎక్కించింది. మొదటిసారికే ఎక్కింది. అరుగు మీదున్న ఒకావిడ లేవబోయినదల్లా మళ్లీ కూర్చుని, "మా అమ్మాయిది కూడా అలాగే పెట్టుకుని కుట్టండి" అంది. రమణమ్మ మొహంలోకి నెత్తురొచ్చింది. దారిలో నేను, "ఒకవేళ ఆ జాకెట్టు పాడైతేనో?" అని గొణిగితే, "ఇంకోటి కుట్టించుకుంటుంది మా కోడలు. రమణమ్మ మిషను ఆగిపోతే ఆ ఇంటికి ఇంకో ఆధారం దొరుకుతుందా?" అన్నారు.

కొన్నాళ్లకు ఆ చుట్టుపక్కల కుట్టేవాళ్లంతా ఒక్కొక్కరే వచ్చి, రమణమ్మ పెట్టుకున్నలాంటిదే కావాలన్నారు. నేను ఉబ్బితబ్బిబ్బయిపోయి, "భలే అమ్మకం ఎత్తు వేశారండీ!" అన్నాను. అంత కోపం ఆవిడలో నేనెప్పుడూ చూడలేదు. "అమ్ముకోవడానికి వెళ్లాననుకున్నావా? మనిషి దేనికి భయపడుతున్నాడో కనిపెట్టేశాక, దాంతో వాడి చేత ఏదైనా కొనిపించొచ్చు. అది గొప్ప కాదు. ఆ భయం తీసెయ్యి. అంతవరకే నీ పని. కొంటాడో మానతాడో వాడి ఇష్టం" అన్నారు. చెంపమీద కొట్టినట్టయింది. ఆ కోపం నా మీద చూపించినందుకు ఆవిడకు ఎంత రుణపడి ఉన్నానో అప్పుడు చెప్పలేదు. చెప్పి ఉంటే దానికీ ఇంకో చీవాటు పడేది. ఇప్పుడు ఆవిడ లేరు, చెప్పాలనిపిస్తోంది.

పోయిన వారం పామాయిలు గెలల లారీ నడిపే ఒకతను నా షాపులో ఫ్రేము పెట్టుకుని, తీసి, పెట్టుకుని, చివరికి బల్లమీద పెట్టేశాడు. దూరం బోర్డులు కనపడటం లేదని పరీక్షలో తేలింది. నేను ధర మాట ఎత్తలేదు. "ఎవరేమంటారనండీ?" అని అడిగాను. "మా ఓనరండి. చూపు తగ్గిందని తెలిస్తే బండి తాళం లాగేసుకుంటాడండి" అన్నాడు. అతన్ని ఒప్పించి, షట్టరు సగం దించి, అతనితో కలిసి వాళ్ల ఓనరు యార్డుకి నడిచాను. అక్కడ మిగతా డ్రైవర్లు పదిమందిదాకా ఉన్నారు. పిన్నిగారంత గొంతు నాకు లేదు. అయినా అందరూ వినేట్టే, "కళ్లజోడు పెట్టుకుంటే ఇతనికి దూరం బోర్డులు చక్కగా కనపడతాయండీ, చూపు సరిచేయించుకున్న డ్రైవరుకే బండి తాళం ఇవ్వండి" అని చెప్పాను.