పడుగూ పేకా కలిపిన మా మురళి

మా అన్న కొడుకు మురళి వేలూరులో గుండె ఆగి పోయినాడన్న కబురు గుడియాత్తానికి వచ్చినప్పుడు నేను అద్దకం తొట్టి పక్కన నూలు కట్ట, అదే చిలప, పిండుతా ఉన్నాను. చిలప చేతిలోంచి జారింది. నలభై నిండని ఆ ప్రతిభామూర్తికి కంప్యూటర్ విద్యలో ఒక మహారహస్యం బోధించిన గురువును నేనేనని సవినయంగా విన్నవించుకుంటున్నాను.

వేలూరులో ఉద్యోగం చేసుకుంటూనే మురళి మా వీధి లుంగీ నేతగాళ్ళకు వెబ్‌సైటు కట్టినాడు. దళారి లేకుండా మాకు ఆర్డర్లు వచ్చే దారి అదొక్కటే. ఏ మగ్గం మీద ఏ సరుకు ఉండాదో వెనక సర్వర్ చెబుతుంది. ముందర, కొనేవాడి ఫోనులో, జావాస్క్రిప్ట్ అనే ప్రోగ్రాము గళ్ళ రంగులు మార్చి చూపిస్తుంది. "వెనకది పడుగు, ముందరిది పేక, చిన్నాయనా. ఒకదాని పనిలో ఇంకొకటి చెయ్యి పెట్టకూడదు" అనేవాడు.

రెండూ కలిపిన రోజే లుంగీల పేర్లన్నీ మాయం! పేరు రావలసిన చోట సర్వర్, జావాస్క్రిప్ట్, రెండు పక్షాలదీ ఒకే గుర్తు, మీసాల్లాంటి జంట బ్రాకెట్లు. జావాస్క్రిప్ట్ నింపాల్సిన వాటిని కూడా సర్వర్ తనవేననుకొని, నింపేదానికేమీ దొరక్క, తుడిచేసి పేర్లు లేని పేజీని ఫోనుకు పంపేది. "రెండు మగ్గాల చిలపలకూ ఒకే రంగు దారం కడితే ఇంతే కదా! గుర్తు మార్చు" అన్నాను. ఒక పక్షం గుర్తు మారింది, పేర్లు వచ్చినాయి.

పాపభీతితో ఒప్పుకుంటున్నాను. ఆ మాట అన్నది మురళితో కాదు, చిలపలు తారుమారు చేసిన మా ఇంటిదానితో. ఒళ్ళో ల్యాప్‌టాప్ పెట్టుకొని పక్కనే కూచున్న వాడు పగలబడి నవ్వినాడు. "నిన్ననే మార్చేసినాను చిన్నాయనా. పోనీలే, నీ పేరే చెప్తాను." వీధంతా చెప్పినాడు కూడా. అంతటి ఉదారచిత్తుడు.

వచ్చిన ప్రతి ఆదివారమూ బతిమాలేవాడు. "ఎవరన్నా పక్కన కూచోని నేర్చుకోండప్పా. తెలిసినోణ్ణి నేనొక్కణ్ణే కాకూడదు." "నువ్వుండావు కదరా" అని కాఫీ ఇచ్చేవాళ్ళం. ఆ కాఫీ తలుచుకుంటే ఇప్పుడు సిగ్గుతో తల దించుకుంటున్నాను.

'ఆ పుణ్యాత్ముడు భౌతికంగా లేకున్నా, అతడు కలిపిన పడుగూ పేకా మా వీధిని కలకాలం నడిపిస్తాయి' అని ఈ నివాళి ముగించి, తెలుగు లిపి రాని అతని భార్య సుజాతకు చదివి వినిపించినాను.

"అవి నడిపించవు మామా" అనింది. "వెబ్‌సైటులో ఆయన మొదలుపెట్టిన మార్పు సగంలో ఆగింది. నిన్నటినుంచి పేజీ తెరుచుకోలేదు. పాస్‌వర్డ్ నా దగ్గర ఉండాది, లోపలుండేది అర్థమయ్యే మనిషే లేరు. పొద్దున నలుగురు నేతగాళ్ళు మళ్ళీ దళారి ఇంటికి పోయినారు. ఇందులో అది రాయి."