వానను తిట్టిన పాట

మొన్న కోవిల్‌పట్టిలో విరుదునగరం బస్సెక్కితే, పక్క సీట్లో ఒక అమ్మాయి గిటారు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది; తన పాటలు తనే రాసుకుని పాడుతుందట, ఈ వారం మదురై, వచ్చే వారం బెంగళూరట. సాత్తూరు దాటేదాకా ఆమె చెబుతూనే ఉంది, నేను వింటూనే ఉన్నాను, నేనూ ఒకప్పుడు ఆ పనే చేసేవాణ్ణని మాత్రం చెప్పలేదు, ఎందుకు మానేశారని అడిగితే చెప్పడం కష్టం.

మా రాక్ బృందంలో ముగ్గురం. డ్రమ్స్ వాయించే స్నేహితుడి నాన్నకు విరుదునగరంలో ఎండుమిరపకాయల గోదాము ఉండేది, ఆదివారాలు అక్కడే సాధన. పాట మధ్యలో తుమ్ములొచ్చేవి, కళ్ళు మండేవి, అయినా ఆ ఘాటులో కట్టినంత మంచి పాటలు మళ్ళీ కట్టలేదు. అన్నీ తమిళంలోనే రాసేవాణ్ణి. మా ఊరు నాగలాపురంలో నల్లరేగడి చేలు ఎండిపోయిన ఏడు మాత్రం ఒక్కటి ఇంటి తెలుగులో రాశాను. వానను నిలబెట్టి తిట్టే పాట అది, గొంతు చించుకుని అరవడమే.

ఆ పురట్టాసి నెలలో, అంటే సెప్టెంబరు చివర, విత్తడానికి ముందు జరిగే మా కులదేవత కొలువులో, కుర్రతనం కొద్దీ దాన్ని గుడి ముందు పాడాను. ముసలమ్మలు అది తిట్టనుకోలేదు, మొరనుకుని కళ్ళొత్తుకున్నారు. నా ఖర్మ కాలి ఆ వారమే వాన కురిసింది. అమ్మవారి ముందు తాంబూలం పుచ్చుకున్నవాడు ఆ పని ఏటా చేయాల్సిందేనన్నది మావాళ్ళ పద్ధతి. ఊరి పెద్ద అయిన మేనమామ ఆకూ వక్కా చేతిలో పెడితే, మెచ్చుకోలనుకుని సంబరంగా పుచ్చుకున్నాను.

మరుసటి ఏడు బెంగళూరులో పెద్ద వేదిక మీద పాడమని పిలుపొచ్చింది, సరిగ్గా కొలువు నాడే. మామ కోప్పడలేదు, కోప్పడి ఉంటే పోయేవాణ్ణేమో. "పోతే పో అల్లుడా. వాన రాకుంటే మీయమ్మ ఈ వీదిలో ఎట్ల నడస్తాది, అది మట్టుం యోసన చేసుకో" అన్నాడు. ఉండిపోయాను. స్నేహితులు ఇంకో గాయకుణ్ణి వెతుక్కుని రైలెక్కారు, వాళ్ళ తప్పేమీ లేదు.

ఆ తర్వాత అగ్గిపెట్టెల కంపెనీ ఆఫీసులో ఉద్యోగం, ఏడాదికొకసారి ఆ పాట. కొత్తవి కట్టకపోలేదు, పెళ్ళిళ్ళలో పాడితే మర్యాదగా విని, అయ్యాక వాన పాట అడిగేవారు. ఒక్క మాట మార్చినా ముసలమ్మలు ఒప్పుకునేవారు కాదు. వాన తగ్గిన ఏడు అందరూ నా గొంతునే అనుమానించేవారు, జలుబు చేసినా దాచుకునేవాణ్ణి. నిజం చెప్పాలంటే ఆ పాటంటే నాకు అసహ్యం పుట్టింది.

ఇప్పుడు మామా లేడు, అమ్మా లేదు. చేలల్లో సగానికి పైగా సౌరవిద్యుత్తు కంపెనీకి కౌలుకిచ్చేశారు; పత్తి, సజ్జ పండిన చోట నల్ల పలకలు పరుచుకున్నాయి. ఈ పురట్టాసిలో కొలువెప్పుడని నేనే ఫోన్ చేస్తే, మామ కొడుకు ఈ ఏడు పాట వద్దన్నాడు. "మబ్బు పడితే కంపెనీవాళ్ళకు నట్టం బావా" అన్నాడు.

మన వయసువాళ్ళకు చెబితే అర్థమవుతుంది. ఇన్నేళ్ళూ ఏ మాట కోసం కాచుకున్నానో అది రానే వచ్చింది, ఇక ఏ ఊరైనా పోవచ్చు, ఏ పాటైనా పాడవచ్చు, మా ఊళ్ళో వాన ఎవరికీ అక్కర్లేదు. కొత్తది మొదలుపెడదామని ఆ సాయంత్రం గిటారు తీస్తే వేళ్ళు ఆ పాటకే పోయాయి. ఇంకొకటి వాటికి రాదు.