పెళ్ళికొడుకు దొరకని బావి

నేను వెతుకుతున్న ప్రాణి అర మిల్లీమీటరు కూడా ఉండదు. దానికి రంగు లేదు, కళ్ళు లేవు. రొయ్యకూ పీతకూ దూరపు చుట్టం. భూమి లోపలి నీళ్ళలో, రాతి సందుల్లో బతుకుతుంది. నాకు తెలిసి అది దొరికింది ఒక్క చోటే, కారంపూడికి అవతల మా పెదనాన్న చేలో ఉన్న పాత బావిలో. ఆ బావిని పూడ్చేయాలని మా పెద్దమ్మ పట్టుబట్టి కూర్చుంది.

నరసరావుపేటలో ఒక డిగ్రీ కాలేజీలో జువాలజీ చెబుతాను. నలభై దాటాక పీహెచ్‌డీ మొదలుపెట్టాను. ఈ వయసులో ఎందుకని అడిగినవాళ్ళతో మాట్లాడటం మానేశాను, దానివల్ల చాలా టైము మిగిలింది. ఆ మిగిలిన టైమంతా నైలాన్ గుడ్డతో కుట్టి అడుగున సీసా బిగించిన వలను తాడు కట్టి బావుల్లోకి దింపుతూ గడిపాను.

పెద్దమ్మ కోపానికి కారణం ఉంది. పోయిన వానాకాలం ఆమె పాడిగేదె ఆ బావిలో జారిపడింది. జేసీబీ తెప్పించి తీశారు. గేదె ఆ సాయంత్రమే మామూలుగా పాలిచ్చింది గానీ పెద్దమ్మ మాత్రం బావిని క్షమించలేదు. "బోరు ఉండంగా ఈ గుంట ఎందుకు? పూడిస్తే మిరపకాయలు ఎండబోసుకోను కల్లం అయిద్ది" అంది. నాపరాళ్ళ గనిలో మిగిలిన ముక్కలను రెండు ట్రాక్టర్లు తెప్పించి గట్టున పోయించింది కూడా.

సరిగ్గా అప్పుడే నాకు పదహారు ఆడ పురుగులు దొరికాయి. మగది ఒక్కటీ దొరకలేదు. ఈ పురుగుల కుటుంబంలో ఆడవన్నీ ఇంచుమించు ఒకేలా ఉంటాయి. ఏది ఏ జాతో తేల్చేది మగదాని మూడో జత కాళ్ళు. ఆ కాలు ఎక్కడ వంగింది, ముల్లు ఎటు తిరిగింది అని చూసి, బొమ్మ గీసి చూపిస్తే తప్ప కొత్త జాతి అని ఎవరూ ఒప్పుకోరు. పదహారు మంది ఆడవాళ్ళు నిలబడి ఉన్నా ఒక్క మగవాడి కాలు లేనిదే పేరు రాదట. ఈ నియమం చదివిన రోజు పుస్తకాన్ని మంచం మీదికి విసిరేశాను.

ఈ సంగతి పెదనాన్నకు చెప్పాను. ఆయన తలపాగా తీసి మళ్ళీ చుట్టుకుని, పెద్దమ్మ ముందరే, కూలికొచ్చిన నలుగురూ వింటుండగా అన్నాడు. "అయితే పెళ్ళికొడుకు దొరికిందాకా బావి జోలికి ఎవరూ పోబాకండి. ఇది నా మాట."

మా వైపు సంబంధాల్లో సగం పెద్దమ్మ కుదిర్చినవే. పెళ్ళి కుదరాల్సిన పిల్ల ఉన్న ఇల్లు పడగొట్టిందన్న పేరు తెచ్చుకోవడం ఆమె వల్ల కాదు.

"ఏమే, పిల్ల ఇంటిపేరేంది?" అని అడిగింది.

చెప్పాను. సైన్సు పెట్టే పేర్లకూ మన పద్ధతే, ఇంటిపేరు ముందు, సొంత పేరు తర్వాత. సొంత పేరే ఇంకా పెట్టలేదు.

"అయినోళ్ళు ఎవరన్నా ఉన్నారా?"

"ఆఫ్రికాలో ఉన్నారు, ఆస్ట్రేలియాలో ఉన్నారు పెద్దమ్మా. ఒకప్పుడు ఈ నేలలన్నీ కలిసే ఉండేవి. విడిపోయాక ఎక్కడివాళ్ళు అక్కడే ఉండిపోయి, కాలం గడిచేకొద్దీ వేరువేరు జాతులయ్యారు."

"పంపకాలు ఎవరు చేసినారు?" అన్నాడు పెదనాన్న. ఆయనకు గట్టు తగాదా ఒకటి పదేళ్ళుగా గురజాల కోర్టులో నడుస్తోంది.

"ఎవరూ చేయలేదు. నేలే విడిపోయింది."

"అందుకనే గొడవల్లేవు."

కళ్ళు లేవని తెలిసి పెద్దమ్మ నొచ్చుకుంది. తరతరాలుగా చీకట్లో ఉండి ఉండి, అక్కర్లేక పోయాయని చెప్పాను. "అక్కర ఉన్నా కొందరికి పనిచెయ్యవులే. గేదెను తోలుకుపొయ్యే మనిషికి ఎదురుగ్గా బావి కనపళ్ళా" అని పెదనాన్న వైపు చూసింది.

పెళ్ళికొడుకు ఎంత తొందరగా దొరికితే కల్లం అంత తొందరగా వస్తుంది. ఇది అర్థమైన మరుసటి రోజు నుంచి వెతుకులాట పెద్దమ్మ చేతిలోకి వెళ్ళిపోయింది. ఊరూరా కబురు పెట్టింది. మాచర్ల నుంచి వచ్చే బస్సుల్లో నా పేరుమీద కూల్‌డ్రింకు సీసాలు రావడం మొదలైంది. ఒకదాంట్లో దోమపిల్లలు, ఇంకోదాంట్లో కప్పపిల్లలు, మరోదాంట్లో ఒక చేప. ఒకాయన కాలేజీకే వచ్చి, స్టాఫ్‌రూములో అందరి ముందూ సీసా నా బల్ల మీద పెట్టి "మీసాలు చూడండి మేడం, ఖాయంగా మగదే" అన్నాడు. లోపల రొయ్యపిల్ల ఉంది. వీటిల్లో ఆడవాటికీ మీసాలుంటాయండీ అని చెప్పాను. ఆయన నన్ను కాసేపు జాలిగా చూసి వెళ్ళిపోయాడు. అప్పటినుంచి కారంపూడిలో బస్సు దిగితే చాలు, టీ బంకు ఆయన, సంబంధం కుదిరిందా అని అడగటం. నేను లేదనటం, ఆయన టీలో చక్కెర ఎక్కువ వేయటం.

పెదనాన్న మాత్రం పనికి రాకుండా పోయాడు. వల పైకి లాగుతానని తాడు తానే పట్టుకునేవాడు. ప్రతిసారీ వల రాతికట్టుకు కొట్టుకుని సగం నీళ్ళు ఒలికిపోయేవి. చిన్నప్పటినుంచీ ఆ బావిలో బొక్కెన వేసిన మనిషి. "చూసి లాగరాదా పెదనాన్నా" అని చాలాసార్లు విసుక్కున్నాను. "చేతుల్లో పట్టు తగ్గిందమ్మా" అనేవాడు. ఆ చేతులే మిరప బస్తాను ఒక్క ఊపులో ట్రాక్టర్లోకి ఎత్తడం చూసి కూడా నాకు బుద్ధి రాలేదు.

పెద్దమ్మ శుభలేఖలు తప్ప ఇంకేమీ చదవదు కాబట్టి మిగతాది రాస్తున్నాను.

ఒక మధ్యాహ్నం ల్యాబులో పాత ట్యూబులు సర్దుతుంటే ఆ బావిలో వల వేసిన మొదటి రోజు ట్యూబు ఒకటి చేతికొచ్చింది. దానిమీద నా రాతే. "పిల్లదశ, వేరే కుటుంబం." ఊరికే మైక్రోస్కోపు కింద పెట్టాను. ముడుచుకుని పడుకున్న దాన్ని సూదితో మెల్లగా విప్పితే మూడో కాలు బయటికొచ్చింది. అందంగా వంగి ఉంది. పిల్ల కాదు, వేరే కుటుంబమూ కాదు. ఊరంతా వెతికిన పెళ్ళికొడుకు ఏడాదిగా నా బీరువాలోనే ఉన్నాడు. నేనే అతన్ని వేరే ఇంటివాడని పక్కన పడేశాను.

ఒంటరిగా ల్యాబులో గెంతాను. ఆ సంతోషం అయిదు నిమిషాలుంది. తర్వాత గట్టున ఉన్న రెండు ట్రాక్టర్ల రాయి గుర్తొచ్చింది. నేను నోరు విప్పితే నా పురుగుకు పేరొస్తుంది, దాని ఇల్లు పోతుంది.

పెదనాన్నకు అబద్ధం చెప్పడం నాకు చేతకాదు. ఆదివారం వెళ్ళాను. ఆయన బావి గట్టున కూర్చుని తాడుకు ముడి వేస్తున్నాడు.

"పెదనాన్నా, దొరికింది."

ఆయన ముడి వేయడం ఆపాడు. "ఎప్పుడు?"

"మొదటి రోజే దొరికింది. నేనే గుర్తుపట్టలేదు."

ఆయన ఇంటివైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు. "ఈ బావి మా నాయినా నేనూ తవ్వినాం. నాకు మీసాలన్నా రాలా అప్పటికి. అడుగున రాయి పగిలి నీళ్ళు పడ్డ రోజు మా నాయిన ఏడ్చినాడు. దీన్ని పూడుస్తుంటే నేను చూళ్ళేను."

"ఆ మాట పెద్దమ్మతో చెప్పొచ్చు కదా?"

"బావి మీద మమకారమంటే నవ్వుద్ది. పురుగు పెళ్ళంటే నవ్వదు."

అప్పుడు నాకు వల గుర్తొచ్చింది. "అయితే ఇన్నాళ్ళూ నీళ్ళు కావాలనే ఒలకబోశావా?"

ఆయన ముడి బిగించి, వలను నాకంటే నేర్పుగా, ఎక్కడా తగలకుండా బావిలోకి దింపాడు. నాకు ఆయన మీద కోపమూ వచ్చింది, కౌగిలించుకోవాలనీ అనిపించింది.

ఇంటి అరుగు మీదనుంచి పెద్దమ్మ కేకేసింది. ఆమె చేతిలో ఎవరో పంపిన కొత్త సీసా ఉంది.

"ఏమే, దొరికిందా?"

"దొరకలా" అన్నాం ఇద్దరం ఒకేసారి.