భుజంగరావు లోడ్ పరీక్ష

హిందీ సీమలోని హథ్‌ఖోజ్‌లో మోటార్లు బాగుచేసే చిన్న వర్క్‌షాపులో భుజంగరావు టెస్టర్. శ్రీకాకుళం నుంచి వచ్చి ఇరవై ఏళ్లయింది. బాగుచేసిన మోటారు ఖాళీగా ఎంత హాయిగా తిరిగినా సంతకం పెట్టడు. లోడ్ తగిలించి గంట తిప్పాలి, వేడెంతో చూడాలి. యజమాని విసుక్కున్నా అంతే.

ఆ మనిషే సొంత కూతురి విషయంలో రెండేళ్లు పొరబడ్డాడు.

1991లో రోహిణికి పన్నెండేళ్లు. బడి నుంచి వచ్చేసరికి పిక్కలు పట్టేసేవి, కనురెప్పలు వాలిపోయేవి. మెట్లెక్కితే వాంతి. డ్రిల్లు మాస్టరు ‘కామ్‌చోర్’, అంటే పనిదొంగ, అని పేరు పెట్టాడు. ఇరుగుపొరుగు తాయెత్తులూ మొక్కులూ చెప్పారు. ఊరికే వచ్చే సలహాకు కొరతేముంది? ఒళ్లు గట్టిపడుతుందని భుజంగరావు తెల్లారే తాముండే స్మృతి నగర్ చుట్టూ పరిగెత్తించాడు. నాలుగో రోజు పిల్ల మంచం దిగలేదు.

డాక్టరుకు చూపించాలంటే భార్య గున్నమ్మ ముందురోజు బడి మాన్పించి పడుకోబెట్టేది. పొద్దున్నే ఆసుపత్రి గుమ్మం దాకా స్కూటరు మీద తీసుకెళ్లేవారు. పిల్ల కులాసాగా కూర్చునేది. డాక్టర్లు రక్తం బాగుందనేవారు. మూడో డాక్టరు, “చదువు తప్పించుకునే వేషాలు” అన్నాడు.

బయటికొచ్చాక గున్నమ్మకు ఏడుపొచ్చింది. “ఏటండీ ఇది? ఇంటికాడ లెగలేదు, ఇక్కడికొస్తే సుబ్బరంగుంటాది. నాను అబద్దాలాడినట్టుంది.”

స్కూటరు కిక్ కొట్టబోయిన భుజంగరావు ఆగిపోయాడు. “ఓలమ్మా! మనం రోహిణి గుంటని ఖాళీగా తిప్పి సూపిస్తన్నామే!”

ఈసారి బడి అయ్యాక తీసుకెళ్లాడు. దుర్గ్‌లో ఒక డాక్టరమ్మ, మూడో అంతస్తు.

“అన్ని మెట్లా? నేనేమైనా మోటర్‌నా నాన్నా?” అంది రోహిణి.

“ఈ ఒక్కపాలికి. ఏటవుతాదో ఆవిడ కళ్లతో సూడాల.”

కూతురి వెనక ఒక మెట్టు కింద చేతులు చాచి ఎక్కాడు. పైకి చేరేసరికి పిల్ల కాళ్లు వణుకుతున్నాయి, రెప్పలు సగం మూతపడ్డాయి.

“మేడమ్, అబ్ దేఖియే. లోడ్ పే హై.” ఇప్పుడు చూడండి, లోడు మీదుంది అన్నాడు భుజంగరావు.

డాక్టరమ్మ నవ్వలేదు. అక్కడికక్కడే రక్తం తీయించింది. కండలు అలిసిపోతే రక్తంలో చేరే లాక్టిక్ ఆమ్లం ఉండాల్సిన దానికి నాలుగింతలు! మళ్లీ ఇలా ఎక్కిస్తే ఊరుకోనని కోప్పడి, పెద్ద ఆసుపత్రికి ఉత్తరం రాసింది.

అక్కడ తొడ కండ ముక్క తీశారు. నెలలు గడిచాక కాగితం వచ్చింది: కణాలకు శక్తి తయారుచేసే మైటోకాండ్రియాలో లోపం కావచ్చు. ‘కావచ్చు’ అనే ఉంది. నయం చేసే మందు లేదు. అలసట రాకుండా మసలుకోవాలి.

“మందు నేకపోతే ఈ కాయితం ఏటికండీ?” అంది గున్నమ్మ.

“తప్పు గుంటది కాదని రాసుంది కదే.”

పిల్లల్ని ప్రేమించని తండ్రులు అరుదు కాబట్టి దానికి భుజంగరావుకు దండ వేయనక్కర్లేదు. పరీక్ష చేసిన తీరే తప్పని పసిగట్టి, దిద్దుకున్న బుర్రకు మాత్రం వేయాలి.

కాగితం పట్టుకుని బడికి వెళ్లాడు. డ్రిల్లు మాస్టరు రెండుసార్లు చదివాడు. మర్నాడు నీడలో కుర్చీ వేయించి రోహిణి చేతికి స్టాప్‌వాచీ, విజిలూ ఇచ్చాడు.

“ఎలాగుంది?” సాయంత్రం అడిగాడు తండ్రి.

“మస్త్! సార్‌తో సహా అందర్నీ దౌడాయించాను.”